స్టీరింగ్ తిప్పితే శబ్దం: ర్యాక్ మార్చాల్సిందేనా, టైట్ చేయిస్తే సరిపోతుందా?

గుంటూరు_హ్యాచ్‌బ్యాక్
మాది ఏడేళ్ల చిన్న కారు, ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్. పార్కింగ్‌లో ఫుల్ కటింగ్ కొడుతుంటే ఎడమ చక్రం పైనుంచి స్ప్రింగ్ విదిలించినట్టు 'టంగ్' మంటోంది. గుంతల రోడ్డు మీద నెమ్మదిగా వెళ్తే కాళ్ల దగ్గర టకటక. సర్వీస్ సెంటర్‌వాళ్లు ర్యాక్ (స్టీరింగ్ తిప్పితే అటూ ఇటూ జరిగి చక్రాలను తిప్పే పళ్ల కడ్డీ) సెట్ మొత్తం మార్చాలన్నారు, ఎస్టిమేట్ 30 వేలు దాటింది. బయటి మెకానిక్ మాత్రం ర్యాక్ నట్ కాస్త టైట్ చేస్తే పోతుందంటున్నాడు. ఎవరి మాట వినాలి?

రోజూ_హైవే
మార్చేయండి. ఏసీ పాడైతే చెమట పడుతుంది, అంతే. స్టీరింగ్ పాడైతే సంగతి వేరు. హైవే మీద పిల్లల్ని ఎక్కించుకుని వెళ్లే బండికి టైట్ చేయడాలూ, సర్దుబాట్లూ వద్దు. కొత్త ర్యాక్ వేస్తే ఆ టెన్షన్ ఉండదు.

షెడ్డు_మనిషి
ర్యాక్ పాడైందని ఇంకా ఎవరూ తేల్చలేదు కదండీ. శబ్దం ఎక్కడిదో పట్టుకోకుండా మారుస్తామనడం, టైట్ చేస్తామనడం రెండూ తొందరపాటే. పైగా మీరు చెప్పింది ఒక శబ్దం కాదు, రెండు. విడివిడిగా చూడాలి.

ముందు బండి నిలబెట్టి స్టీరింగ్ తిప్పండి. కదలకుండా ఉన్నప్పుడే 'టంగ్' మంటే నా అనుమానం స్ట్రట్ మౌంట్ బేరింగ్ మీద. షాక్ అబ్జార్బర్ పైన ఉండే ఆ బేరింగ్ పట్టేస్తే చక్రంతోపాటు స్ప్రింగ్ సాఫీగా తిరగదు. మెలిపడి, ఒక్కసారిగా వదులుతుంది. ఆ దెబ్బే మీకు వినిపిస్తోంది. ఒకరు స్టీరింగ్ తిప్పుతుంటే మీరు స్ప్రింగ్ బయటివైపు అరచెయ్యి ఆనించండి, జెర్క్ చేతికే తెలుస్తుంది. వేళ్లు మాత్రం స్ప్రింగ్ చుట్ల మధ్య పెట్టకండి.

నిలబడి ఉన్నప్పుడు ఏమీ లేకుండా, ఫుల్ కటింగ్‌లో బండి కదిలాక 'కటకట' మంటే అది వేరే కథ. యాక్సిల్ చివర ఉండే సీవీ జాయింట్. రబ్బరు బూట్ చిరిగి గ్రీజు బయటికి పోయి, దుమ్ము లోపలికి వెళ్తే జాయింట్ అరిగిపోతుంది. చక్రం లోపలివైపు గ్రీజు చిమ్మి ఉందేమో చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. బూట్ చిరిగిన కొత్తలోనే చూసుకుంటే బూటూ గ్రీజూ మార్చి జాయింట్‌ను కాపాడుకోవచ్చు.

మాల్ పార్కింగ్‌లో నున్నటి నేల మీద టైర్లు కీచుమంటే దానికి రిపేరు అక్కర్లేదు.

ట్యాక్సీ_రాజమండ్రి
మా స్టాండులో బండ్లన్నీ ర్యాక్ టైట్ చేయించుకుని తిరిగేవేనన్నా. రోజు కూలి పోగొట్టుకుని 30 వేలు ఎక్కడినుంచి తేవాలి? ప్లే (వదులు) ఉంటే టైట్ చేయించాలి, శబ్దం పోతుంది. అందరికీ కొత్త పార్టులు చెప్పడం తేలికే.

షెడ్డు_మనిషి
మీ కష్టం నాకు తెలుసన్నా. అయినా ఈ ఒక్క విషయంలో ఒప్పుకోలేను. ర్యాక్ ఎక్కువగా అరిగేది నడిమధ్యలో, ఎందుకంటే బండి రోజంతా తిన్నగానే నడుస్తుంది. రెండు చివర్లూ పెద్దగా అరగవు. మధ్యలో ప్లే పోయేదాకా నట్ బిగిస్తే చివర్లలో పట్టేస్తుంది. మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను తిరిగి రాదు. శబ్దం కన్నా అదే ప్రమాదం. కంపెనీ మాన్యువల్లో చెప్పిన కొలత ప్రకారం బిగించి, లాక్ నుంచి లాక్ దాకా, అంటే ఒక కొస నుంచి ఇంకో కొసకు తిప్పి, రోడ్డు మీద స్టీరింగ్ వెనక్కి వస్తోందో లేదో చూసేవాడైతే సరే. స్పానర్ పెట్టి అందాజుగా తిప్పేవాడి చేతికి మాత్రం ఇవ్వకండి.

రోజూ_హైవే
చూశారా, అందుకే కొత్తది వేయించమన్నాను. కాళ్ల దగ్గర టకటక ర్యాక్ కాక ఇంకేమవుతుంది?

షెడ్డు_మనిషి
చాలా అవుతాయి. లింక్ రాడ్, లోయర్ ఆర్మ్ బుష్ (రబ్బరు తొడుగు), బాల్ జాయింట్, స్టీరింగ్ కాలమ్‌ను ర్యాక్‌కు కలిపే ఇంటర్మీడియట్ షాఫ్ట్, అన్నీ అదే చోట మోగినట్టుంటాయి. ముందు చక్రాన్ని జాకీ మీద లేపి, కింద స్టాండు పెట్టి, గడియారంలో 9, 3 ఉండే చోట పట్టుకుని ఊపాలి. ప్లే ఉంటే ర్యాక్‌ను చక్రానికి కలిపే కడ్డీ చివర్లు, అంటే టై రాడ్ ఎండ్ లేదా ర్యాక్ ఎండ్. 12, 6 దగ్గర ఊగితే బాల్ జాయింట్ లేదా వీల్ బేరింగ్. 9–3లోనూ 12–6లోనూ ఊగితే వీల్ బేరింగ్ నుంచే మొదలుపెట్టండి. ఏ బుష్ కిర్రుమంటోందో తెలియకపోతే ఒక్కోదాని మీద నీళ్లు చల్లండి. ఏది తడిస్తే శబ్దం కాసేపు ఆగుతుందో అదే దొంగ. ఇంజిన్ ఆయిల్ మాత్రం పొయ్యకండి, రబ్బరు ఉబ్బిపోతుంది.

గుంటూరు_హ్యాచ్‌బ్యాక్
ఇవాళ మా తమ్ముడు స్టీరింగ్ తిప్పితే నేను స్ప్రింగ్ మీద చెయ్యి పెట్టి చూశాను. ఎడమవైపు స్పష్టంగా తన్నింది, కుడివైపు సాఫీగా ఉంది. 9–3లో ఏమీ కదల్లేదు. తాళం ఆన్ చేసి స్టీరింగ్ కొద్దికొద్దిగా అటూ ఇటూ ఆడిస్తుంటే షాఫ్ట్ జాయింట్ దగ్గర చేతికి 'టక్' మని తగిలింది. స్ట్రట్ మౌంట్లు రెండువైపులా మార్చాలా?

షెడ్డు_మనిషి
రెండూ ఒకే వయసువి, జతగా మార్చేయండి. లేబర్ మళ్లీ పెట్టక్కర్లేదు. స్ట్రట్ (స్ప్రింగ్, షాక్ అబ్జార్బర్ కలిసిన భాగం) విప్పాక అలైన్‌మెంట్ చేయించడం మరవొద్దు. షాఫ్ట్ విప్పేముందు చక్రాలు తిన్నగా ఉంచి, స్టీరింగ్ తిరగకుండా కట్టేయమని మెకానిక్‌కు చెప్పండి. కింద షాఫ్ట్ ఊడి ఉండగా స్టీరింగ్ గిరగిరా తిరిగితే ఎయిర్‌బ్యాగ్ వైరు ఉండే క్లాక్ స్ప్రింగ్ తెగిపోతుంది, అదో కొత్త ఖర్చు.

రోజూ_హైవే
ఇవన్నీ మార్చాక కూడా టకటక ఉంటే ర్యాక్ అని ఒప్పుకుంటారా?

షెడ్డు_మనిషి
ఒప్పుకుంటానండి. అప్పుడైనా ముందు ర్యాక్ బుష్ విడిగా దొరుకుతుందేమో అడుగుతాను. అది దొరక్కపోతేనో, పళ్లు అరిగాయని విప్పి చూపిస్తేనో కొత్త ర్యాక్ వేయించమని నేనే చెబుతాను. టైట్ చేయమని మాత్రం చెప్పను.

ట్యాక్సీ_రాజమండ్రి
కొలత ప్రకారం టైట్ చేసేవాళ్లు మా ఊళ్లో కూడా ఉన్నారన్నా. ఆ మాట మీద మాత్రం నేను మీతో కలవను.