మనవడి పదహారో పుట్టినరోజుకు 620 కిలోమీటర్లు: ఒక్క రోజులో వెళ్ళాలా, రెండు రోజులా?

పక్కసీటు అమ్మమ్మ:

నమస్కారం. నాకు 67 ఏళ్ళు, మా ఆయనకు 72. వచ్చే నెల ఒక శనివారం మా అమ్మాయి పెద్ద కొడుకు పుట్టినరోజు. పదహారేళ్ళు నిండుతాయి. కారులోనే వెళ్ళాలని మా ఆయన పట్టు. దూరం 620 కిలోమీటర్లు. శుక్రవారం తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరితే సాయంత్రం నాలుగింటికల్లా వాళ్ళ గుమ్మంలో ఉంటామని ఆయన లెక్క. ఆ లెక్క ఆయన యాభై ఏళ్ళప్పుడు వేసింది. అప్పట్లో నిజంగానే అలా వెళ్ళేవాళ్ళం.

ఇప్పటి సంగతి వేరు. రెండేళ్ళ కిందట రెండు కళ్ళకూ శుక్లాల ఆపరేషన్ అయింది. పగలైతే దూరపు బోర్డులు నాకన్నా ముందే చదివేస్తారు. రాత్రి ఎదురు బండి లైట్లు పడితే మాత్రం కళ్ళు చిట్లిస్తారు. అడిగితే ఏమీ లేదంటారు. షుగరుకు ఇన్సులిన్ తీసుకుంటారు. పొద్దున వేసుకునే బీపీ మాత్రలో నీరు తీసే మందు కూడా ఉంది కాబట్టి ప్రయాణం రోజున దాన్ని మానేస్తానంటున్నారు. ఇక నాకు మోకాళ్ళు. గంటన్నర కూర్చుని లేస్తే మొదటి పది అడుగులూ కొయ్యబొమ్మలా వేస్తాను. నాకు డ్రైవింగు రాదు. నలభై ఏళ్ళ కిందట నేర్చుకుంటానంటే "నేనున్నానుగా" అన్నారు. ఆ మాటకు ఇప్పుడు ఇద్దరం ఫలితం అనుభవిస్తున్నాం.

"రైల్లో రండి, లేదంటే మేమే వస్తాం" అంది మా అమ్మాయి. ఆ మాట విన్న రోజు నుంచి ఆయన కారు కడుగుతున్నారు. రోజూ కడుగుతున్నారు.

ఇంకో సంగతి. ఈ మనవడు చిన్నప్పుడు కారు ఆగీ ఆగగానే తాతయ్య ఒడిలోకి ఎక్కి మీటరు చూసి అంకెలు పైకి చదివేవాడు. ఈయన వాటిని డ్యాష్‌బోర్డు అరలో ఉండే చిన్న పుస్తకంలో రాసుకునేవారు. ఇప్పుడు ఫోను చేస్తే "ఊఁ", "సరే అమ్మమ్మా", అంతే. మేము వెళ్ళడం వాడికి ఇష్టమో, మొహమాటమో కూడా తెలియదు.

ఒక్క రోజా, రెండు రోజులా? పక్కన కూర్చునేదాన్ని, నేను ఏమేమి గమనించాలి?

మైలురాయి:

అమ్మా, నేను 31 ఏళ్ళు దూరప్రాంతపు బస్సు నడిపి రిటైరయ్యాను. రెండు రోజులు. ఇందులో ఆలోచించడానికి ఏమీ లేదు.

నాలుగింటికి బయలుదేరడమంటే రెండున్నరకో మూడింటికో లేవడం. మర్నాడు ప్రయాణమన్న ధ్యాసలో ముందు రాత్రి ఎటూ నిద్ర పట్టదు. మనిషి ఒంటికి నిద్ర బలంగా వచ్చే వేళలు రెండు: ఒకటి తెల్లవారుజాము, రెండోది మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు. మీవారి లెక్కలో మొదటి గంట ఒకదానిలో, చివరి రెండు గంటలు రెండోదానిలో పడ్డాయి. గంటకు 100 వేగంతో వెళ్ళే బండి సెకనుకు దాదాపు 28 మీటర్లు పోతుంది. నాలుగు సెకన్లు రెప్ప వాలితే 110 మీటర్లు బండిని నడిపేవాడు లేడన్నమాట.

తెల్లారి వెలుతురు వచ్చాక కదలండి. మొదటి రోజు 350, రెండో రోజు మిగిలింది. చీకటి పడకముందే ఆగాలి. రెండు గంటలకోసారి పావుగంట, ఎంత బాగున్నా సరే. నిద్ర వస్తే కిటికీ దించడం, పాటలు పెంచడం దండగ, నేను రెండూ చేసి చూశాను. బండి పక్కకు తీసి, ఒక కాఫీ తాగి, పావుగంట నుంచి ఇరవై నిమిషాలు కునుకు తీయాలి. కాఫీ పని చేయడానికి అరగంట పడుతుంది, ఈలోపు కునుకు అయిపోతుంది. లేచాక అయిదు నిమిషాలు నడిచి, అప్పుడు స్టీరింగు పట్టుకోవాలి.

మీరు గమనించాల్సింది ఆవులింతలు కాదు. ఆవులింతలు అందరికీ కనబడతాయి. మాట తగ్గడం చూడండి. అడిగినదానికి జవాబు ఆలస్యంగా వస్తోందా? వేగం ఊరికే పెరిగి తగ్గుతోందా? బండి గీత మీదికి వెళ్ళి మళ్ళీ సర్దుకుంటోందా? దాటిన మలుపు గుర్తుందా అని అడిగితే తడుముకుంటున్నారా? ఇందులో ఒక్కటి కనబడ్డా "నాకు కాళ్ళు పట్టేశాయి, ఆపండి" అనండి. నిద్ర మాట ఎత్తకండి, ఎత్తితే ఆపరు. మగవాళ్ళ సంగతి నాకు తెలుసు, నేనూ ఒకణ్ణి.

కడగడం సరే, టైర్లు చూశారా? టైరు పక్కన నాలుగు అంకెల గుర్తు ఉంటుంది. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. గీతలు లోతుగానే ఉన్నా రబ్బరుకు వయసు ఉంటుంది. స్టెప్నీని మరవకండి, అందరూ దాన్నే మరుస్తారు. గాలి పొద్దున్నే, బండి కదలకముందు చూడాలి. ఎంత ఉండాలన్నది డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు మీద రాసి ఉంటుంది. ఎండలో కొంత దూరం పోయాక గాలి ఎక్కువ చూపిస్తుంది, అప్పుడు తీసేయకూడదు.

మూడో వార్డు:

నేను నర్సును. పైన చెప్పిన రెండు రోజుల మాటే నాదీ. మందుల సంగతి చెబుతాను.

బీపీ మాత్ర మానేయడం మాత్రం వద్దు. ఏ వేళకు మార్చుకోవచ్చో మీ డాక్టరును అడగండి, వాళ్ళకిది రోజూ వినే ప్రశ్నే. మూత్రానికి ఆగాల్సి వస్తుందని నీళ్ళు తాగడం మానేస్తారు చాలామంది. వద్దు. ఎటూ రెండు గంటలకు ఆగుతున్నారుగా.

ఇన్సులిన్ డిక్కీలోనూ డ్యాష్‌బోర్డు అరలోనూ పెట్టకండి. ఎండలో నిలిపిన కారు లోపల వేడి 50 డిగ్రీలు దాటుతుంది. వాడుతున్న ఇన్సులిన్‌కు సాధారణంగా 30 డిగ్రీల లోపు ఉండాలి. అలాగని మంచు గడ్డకు ఆనించినా పాడవుతుంది, మధ్యలో గుడ్డ చుట్టండి. దిగినప్పుడల్లా ఆ సంచీ మీ చేతిలోనే ఉండాలి. బండి తీసే ముందు, తర్వాత రెండు గంటలకోసారి షుగరు చూడాలి. 90 కన్నా తక్కువుంటే తీపి ఏదైనా నోట్లో పడేదాకా తాళం తిప్పకూడదు. 70 కిందికి పడితే, మామూలుకు వచ్చాక కూడా ఇంకో 45 నిమిషాలు ఆగాలి. ఒంట్లో తేరుకున్నట్టే ఉంటుంది గానీ మెదడు పూర్తిగా తేరుకోవడానికి అంత సమయం పడుతుంది.

జలుబుకో దురదకో వేసుకునే పాతరకం అలర్జీ మాత్రలు మర్నాటి దాకా మత్తు ఉంచుతాయి. ప్రయాణంలో అవి తగవు.

మీ కాళ్ళ విషయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వెల్లడించిన అధ్యయనంలో, నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చునే ప్రయాణాలతో కాలి సిరల్లో రక్తం గడ్డ కట్టే ముప్పు దాదాపు రెట్టింపవుతుందని తేలింది. విమానం ఒక్కటే కాదు, కారు, బస్సు, రైలు అన్నీ. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో అది 6000 మందిలో ఒకరికి వచ్చేదే కాబట్టి భయపడక్కరలేదు. కూర్చునే మడమలు ఆనించి వేళ్ళు పైకి, మళ్ళీ వేళ్ళు ఆనించి మడమలు పైకి. పిక్క బిగుసుకుని వదులు కావాలి. తర్వాత ఒక్క పిక్కే వాచి నొప్పెడితే ఆలస్యం చేయకండి. మోకాళ్ళ కోసమని సీటు మీద మెత్త వేసుకుంటారేమో, అప్పుడు నడుము బెల్టు పొట్ట మీదికి జారుతుంది. అది తుంటి ఎముకల మీదే ఉండాలి.

ఆయన కళ్ళు చిట్లించడం వయసని వదిలేయకండి. శుక్లం తీశాక నెలలకో ఏళ్ళకో, అమర్చిన కటకం వెనక పొర మసకబారడం మామూలే. కొద్ది నిమిషాల లేజరుతో పోతుంది. బయలుదేరే లోపు ఒకసారి చూపించండి.

రైలే మేలు:

ఇన్ని జాగ్రత్తలు పడేకన్నా అమ్మాయి చెప్పినట్టు రైలెక్కడం తేలిక కదా? పంతానికి పోయి ఏదైనా జరిగితే ఆ పిల్లవాడికి ప్రతి పుట్టినరోజూ అదే గుర్తుకొస్తుంది.

పక్కసీటు అమ్మమ్మ:

మీ మాట నిజమే. నేనూ అదే అనుకున్నాను. కానీ రైలు టికెట్లు తీస్తే ఆయన ఇక ఎక్కడికీ రానంటారు. కారు తాళాలు లాగేసుకున్నట్టు ఉంటుంది ఆయనకు. ఏదో ఒక రోజు అదీ తప్పదు. ఈ పుట్టినరోజు నాడే వద్దనుకుంటున్నాను.

పదిహేడేళ్ళ మనవరాలు:

అమ్మమ్మగారూ, మీ మనవడి తరఫున నేను చెప్పనా?

"ఊఁ" అంటే ఇష్టం లేదని కాదు. ఫోనులో పెద్దవాళ్ళు అందరూ అవే మూడు ప్రశ్నలు అడుగుతారు: చదువు, తిండి, పొడుగు. వాటికి "ఊఁ" కన్నా ఎక్కువ జవాబు ఉండదు. అతనికి ఏదైనా పని చెప్పండి. దారిలో ఎక్కడెక్కడ ఆగాలో మ్యాపులో గుర్తు పెట్టమనండి. మీరు ఎక్కడున్నారో అతని ఫోనులో కనబడేట్టు పెట్టుకోండి. మా తాతయ్య నన్ను అలా అడిగినప్పుడు నేను పరీక్షకన్నా శ్రద్ధగా చేశాను.

చెప్పకుండా వెళ్ళి ఆశ్చర్యపరచాలని మాత్రం అనుకోకండి. స్నేహితులతో ఉండే వేళ ఏదో అడిగి తెలుసుకుని, ఆ వేళ లోపలి గదిలో విశ్రాంతి తీసుకోండి. శనివారం పొద్దున ఆలస్యంగా లేస్తే బద్ధకమనుకోకండి. ఈ వయసులో నిద్ర తెప్పించే హార్మోను రాత్రి ఆలస్యంగా మొదలవుతుంది. మేము కావాలని చేసేది కాదు (కొంచెం కావాలనే చేస్తాం).

పక్కసీటు అమ్మమ్మ:

వచ్చేశాం. నిన్న రాత్రి పుట్టినరోజు అయింది. అందరూ నిద్రపోతున్నారు, నేను వంటింట్లో కూర్చుని రాస్తున్నాను.

ఆయనకు నేను ఏమీ చెప్పలేదు. మైలురాయిగారి జవాబు తెరిచి ఫోను చేతికిచ్చాను. రెండుసార్లు చదివి "31 ఏళ్ళు నడిపినవాడు చెబుతున్నాడు" అన్నారు. నేను 45 ఏళ్ళుగా చెబుతున్నది మరి లెక్కలోకి రాదు. స్టెప్నీ మీద అంకెలు చూస్తే, అది మా మనవడు ఒకటో తరగతిలో ఉన్నప్పటిది. కొత్తది వేయించారు. కంటి డాక్టరు చూసి ఆ పొరేనన్నారు. లేజరు చేసి గంటలో ఇంటికి పంపారు. అయినా రాత్రి నడపలేదు.

ఆగే చోట్లు గుర్తు పెట్టమని మనవడికి చెప్పాను. "ఊఁ" అన్నాడు. రెండో రోజుకల్లా మొత్తం దారి పంపాడు. ఎక్కడ నీడ ఉంది, ఎక్కడ మెట్లు లేని మరుగుదొడ్డి ఉంది అన్నీ రాసి. నా మోకాళ్ళ సంగతి వాడికి గుర్తుందని నాకు తెలియదు.

శుక్రవారం మధ్యాహ్నం రెండున్నరకు ఈయన మాట ఆగింది. దాటిన వంతెన గురించి అడిగితే "ఏ వంతెన?" అన్నారు. కాళ్ళు పట్టేశాయన్నాను. చెట్టు కింద ఆపి, సీటు వెనక్కి వాల్చి, రెండు నిమిషాల్లో నిద్రపోయారు. నేను ఫోనులో ఇరవై నిమిషాలకు అలారం పెట్టి మడమలు ఆడిస్తూ కూర్చున్నాను. పది నిమిషాలకు ఫోను మోగింది. మనవడే, తనంతట తాను.

"అమ్మమ్మా, మీ చుక్క కదలడం లేదు. ఏమైంది?"

"తాతయ్య కునుకు తీస్తున్నారు" అన్నాను గొంతు తగ్గించి.

కాసేపు విన్నాడు. "అవును, గురక వినిపిస్తోంది" అని, ఫోను పెట్టేయకుండా అలారం మోగేదాకా ఉన్నాడు. పెద్దగా ఏమీ మాట్లాడుకోలేదు.

ఇంటి ముందు ఆగేసరికి వీధిలోకి వచ్చి నిలబడ్డాడు. తాతయ్యకన్నా బెత్తెడు ఎత్తు పెరిగాడు. ఆ మాట అనకుండా నాలుక కరుచుకున్నాను. వాడు మమ్మల్ని చూడకముందే కిటికీలోంచి తల లోపలికి పెట్టి మీటరు చూసి, బయలుదేరినప్పటి అంకె అడిగి, తీసేసి, "638. పద్దెనిమిది ఎక్కువ ఎందుకొచ్చింది తాతయ్యా?" అన్నాడు.

దగ్గరి దారని ఈయన ఒకచోట తిప్పారు, దాని కథ అది. పుస్తకం తీసి రాయడం, ఆ దారి మ్యాపులో వెతకడం, ఇద్దరూ అరగంట కారు దగ్గరే ఉండిపోయారు. సంచులన్నీ నేనూ అమ్మాయీ మోసుకున్నాం.