కోర్టు ఇంటికి పంపిన మానసిక రోగికి నెలకో ఇంజెక్షన్ షరతు పెట్టొచ్చా?

నాగావళి:
నేరం జరిగినప్పుడు మతిస్థిమితం లేదని తేలి, కొన్నేళ్ళు విశాఖ మానసిక వైద్యశాలలో ఉండి ఇంటికొచ్చినవాళ్ళ గురించి ఇది. ఊరికొచ్చాక మాత్రలు మానేస్తారు. కాబట్టి విడుదల ఉత్తర్వులోనే డిపో ఇంజెక్షన్ (ఒకసారి వేస్తే వారాల తరబడి పనిచేసేది) తప్పనిసరి చేయాలంటాను. మాత్రైతే నాలుక కింద దాచేస్తారు. ఇంజెక్షన్‌కు రాకపోతే ఆ రోజే తెలిసిపోతుంది.

సెక్షన్ 374:
అమలు చేసేదెవరండీ? బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 374 కింద బంధువుకో స్నేహితుడికో అప్పగించేటప్పుడు మూడు పూచీలే అడుగుతారు: బాగా చూసుకోవాలి, ఎవరికీ హాని జరగనివ్వకూడదు, చూపించమంటే తెచ్చి చూపించాలి. మందు మాట లేదు. ఇంగ్లండులో ఇంటి దగ్గర ఉంటూ వైద్యం తీసుకోవాలనే ఉత్తర్వులు ఉన్నాయి. 2013 నాటి ఆక్టెట్ అధ్యయనంలో 336 మందిని రెండు గుంపులు చేస్తే, ఉత్తర్వు ఉన్నవాళ్ళూ, ఉత్తర్వు లేకుండా ఆసుపత్రి నుంచి సెలవు మీద పంపినవాళ్ళూ ఏడాదిలో 36 శాతం చొప్పునే మళ్ళీ ఆసుపత్రిలో చేరారు.

నాగావళి:
అది కోర్టు కేసుల రోగుల కోసమని చేసింది కాదు కదా. ఇక్కడ దెబ్బ తగిలేది చాలాసార్లు ఇంటివాళ్ళకే, పూచీ రాసేదీ వాళ్ళే.

ఉద్దానం ఫార్మసీ:
ముందు ఏ ఇంజెక్షనో చెప్పండి. కిడ్నీ జబ్బులు ఎక్కువున్న కవిటి, సోంపేట, మందస వైపు మనిషైతే క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూడకుండా పాలిపెరిడోన్ మొదలుపెట్టకూడదు. అది ఎక్కువగా కిడ్నీల గుండానే పోతుంది. మామూలుగా మొదటి రోజు 150, ఎనిమిదో రోజు 100 మి.గ్రా. క్రియాటినిన్ క్లియరెన్స్ (కిడ్నీలు వడకట్టే వేగం) నిమిషానికి 50–80 మి.లీ. మధ్య ఉంటే 100, 75. 50 కంటే తగ్గితే వద్దే వద్దు. మాత్రల్లో లిథియం మరీ ప్రమాదం: ఎండలో జీడితోట పని, చెమట, నీళ్ళు చాలకపోతే రక్తంలో పేరుకుంటుంది. వణుకు, వాంతులు, తూలడం మొదలైతే ఊళ్ళో తాగాడంటారు.

ఫ్లూఫెనజిన్ డెకనోయేట్ 25 మి.గ్రా. రెండు నుంచి నాలుగు వారాలకోసారి. నువ్వుల నూనెలో కలిపిన మందు కాబట్టి సిరంజి, సూది పొడిగా ఉండాలి, తడి తగిలితే మబ్బుపడుతుంది. 21 గేజి సూదితో పిరుదు కండలోకి మెల్లగా ఎక్కించాలి, తర్వాత రుద్దకూడదు. కొన్నాళ్ళకే కొందరికి కాళ్ళు ఒకచోట నిలవవు, ఒళ్ళు బిగుసుకుంటుంది. బిగుసుకున్నవాడికి ట్రైహెక్సీఫెనిడిల్ 2 మి.గ్రా. అందకపోతే రెండోసారి రాడు. దాన్ని మనవాళ్ళు మొండితనం అంటారు!

గార తీరం:
గుజరాత్‌లోని వీరావల్‌కు చేపల వేటకెళ్ళేవాడి మాటేంటి? నెలల తరబడి ఊళ్ళో ఉండడు. షరతు పెడితే బోటెక్కడం మానుకోవాల్సిందే.

ఉద్దానం ఫార్మసీ:
డిశ్చార్జి కాగితంలో 'అదే కొనసాగించండి' అని రాసి పంపితే ఎక్కడా పనికిరాదు. మందు పేరు, మోతాదు, చివరి తేదీ, తర్వాతి తేదీ తెలుగులో ఒక చీటీ, అక్కడి ఆసుపత్రికి ఇంగ్లీషులో ఇంకోటి. ఆంప్యూళ్ళు వెలుతురు తగలకుండా పట్టుకెళ్ళొచ్చు.

సెక్షన్ 374:
ఆ చీటీని పూచీకత్తుకు జత చేస్తే నాకు అభ్యంతరం లేదు. తేదీ దాటితే కబురు అందాలి, శిక్ష పడకూడదు.

నాగావళి:
ఎన్నాళ్ళు దాటితే?

ఉద్దానం ఫార్మసీ:
మందును బట్టి. డిపో ఆపినా కొన్ని వారాల పాటు ఏమీ కనబడదు, నయమైపోయిందనుకుంటారు. అందుకే వారం దాటగానే ఇంటికెళ్ళి చూడాలి. క్లోజపిన్ మాత్రలైతే అంత గడువు లేదు. 48 గంటలు మించి మానేస్తే పాత మోతాదు వేయకూడదు, 12.5 మి.గ్రా. నుంచి మళ్ళీ ఎక్కించుకుంటూ రావాలి.