అప్‌డేట్: నాన్నగారికి చైనా మూలికల మాత్రలు

గ్వాంగ్‌జౌలో ఉండే తమ్ముడు పంపిన షియావోకే మాత్రలు నాన్నగారి షుగరుకు వాడవచ్చా అని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. సీసాను డాక్టరుగారికి చూపించాం. మూలికలతో పాటు ఒక్కో మాత్రలో 0.25 మిల్లీగ్రాముల గ్లిబెన్‌క్లమైడ్ అనే చక్కెర తగ్గించే ఇంగ్లీషు మందు ఉందట. పది మాత్రలకు 2.5 మిల్లీగ్రాములు! చైనాలో ఇది రహస్యమేమీ కాదు, ఆ మందు తయారీయే అంత. కానీ నాన్నగారు రోజూ వేసుకునే గ్లిమెపిరైడ్ కూడా అదే కోవది. రెండూ కలిస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు, పెద్దవయసులో మరీ. అందుకే షియావోకే మాత్రలు ఆపేశాం.

హువాంగ్‌లియన్ అనే చైనా మూలిక వేరులోని బెర్బెరిన్ అనే పదార్థం గురించి కూడా కొందరు రాశారు. అది మన మానుపసుపులోనూ ఉంటుంది. 2008లో షాంఘై వైద్యుల చిన్న అధ్యయనంలో చక్కెరను తగ్గించడంలో షుగరుకు మామూలుగా ఇచ్చే మెట్‌ఫార్మిన్ మందుకు దీటుగా పనిచేసింది. నాకు ఆసక్తిగానే ఉంది. అయినా డాక్టరుగారు ఒప్పుకోనిదే నాన్నగారికి ఇవ్వను. వచ్చే నెల హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపే) పరీక్ష ఉంది, ఫలితం రాస్తాను.