సమస్య: రానివాఁడె వచ్చె రంగమునకు

నిర్వాహకుడు: ఆదివారం బంజారాహిల్స్‌లో లామకాన్‌కి వెళ్లి బెకెట్ రాసిన ‘వెయిటింగ్ ఫర్ గోడో’ నాటకం చూసొచ్చాను. ఇద్దరు గోడో అనేవాడి కోసం ఎదురుచూస్తూనే ఉంటారు. సమోసా చల్లారిపోయింది, గోడో రాలేదు. ‘లా మకాన్’ అంటే ఉర్దూలో చోటు లేనిదని అర్థం. ఊరూ పేరూ లేని దారిమీద నడిచే నాటకానికి ఇంకేం చోటు కావాలి! బండి స్టార్ట్ చేస్తుంటే ఈ పాదం నోట్లో పడింది. ఇదే చివరి పాదంగా పద్యం పూరించండి. గోడో మీదే రాయాలని లేదు.

నల్లకుంట మాస్టారు:
చెట్టు కింద నిలిచి చింతించి రిరువురు
రేపు వచ్చు ననుచు రేఁగు నాస
పేరు రూప మయ్యె ప్రేక్షకు మదియందు
రానివాఁడె వచ్చె రంగమునకు

1953లో పారిస్‌లో మొదటిసారి ఆడినప్పటి నుంచీ అదే కబురు కదా. పిల్లాడొచ్చి, ఈ పూటకి రారు, రేపు తప్పకుండా వస్తారు అంటాడు. రెండో అంకానికి మోడుచెట్టుకి నాలుగాకులు మొలుస్తాయి, కబురు మాత్రం మారదు.

సైదాబాద్ అక్కయ్య: భావం బాగుంది మాస్టారూ. కానీ ‘అయ్యె ప్రేక్షకు’ ఏమిటండీ? ‘అయ్యెఁ బ్రేక్షకు’ కావాలి. ‘అయ్యె’ చివర దాగిన నకారం, అదే ద్రుతం, పక్కనున్న ‘ప’ని ‘బ’ చేస్తుందన్న పాఠం మాకు చెప్పింది మీరే.

నల్లకుంట మాస్టారు: ఫోన్లో కొట్టానమ్మా. అరసున్న దొరకలేదు.

సైదాబాద్ అక్కయ్య: పై పాదంలో ‘రేఁగు’కి దొరికింది కదండీ.

చిక్కడపల్లి చిన్నోడు: ఉగాది సమస్యకీ ఇదే ఫోను కదా సార్. అప్పుడు మూడో పాదంలో, మొదటి అక్షరానికి మధ్యలో జత కలవాల్సిన యతే దొరకలేదు.

నల్లకుంట మాస్టారు: ఆ పూరణ గోల ఇప్పుడెందుకు? అక్కడ వేసింది ప్రాసయతి, యతికి బదులు రెండో అక్షరాలు కలిపేది. చూసుకో.

చిక్కడపల్లి చిన్నోడు: చూసుకున్నాను. ‘ండ’కి ‘ంట’ కట్టారు. సరే, నాది:

మీస మంటె గాని మెప్పించు గొంతేది
గద భుజాన నుంచి కదలె నహహ
పద్య మొకటి కాదు పదము పల్కుటయైన
రానివాఁడె వచ్చె రంగమునకు

మా కాలనీ నాటకంలో భీముడు. నా ‘రాని’ వేరే ‘రాని’, గమనించగలరు.

నల్లకుంట మాస్టారు: విరుపు బాగుంది. బాగుందనక తప్పదు. అయితే ఇది గోడోలా అర్థంపర్థం తేలని అబ్సర్డ్ నాటకం కాదు, మీసం నాటకం.

అమీర్‌పేట హాస్టల్: కాదు సార్, అబ్సర్డే. అన్న తనకి తెలీకుండానే అయొనెస్కో రాసిన ‘కుర్చీలు’ అనే అబ్సర్డ్ నాటకంలో చెయ్యిపెట్టాడు. 1952 నాటిది. ముసలాయనకి లోకానికి చెప్పాల్సిన గొప్ప సందేశం ఒకటుంటుంది. ఆయనా ముసలమ్మా కంటికి కనబడని అతిథులకి కుర్చీలు మోసుకొచ్చి వేస్తూనే ఉంటారు. సందేశం చదవడానికి వక్తని మాట్లాడతారు. ఇక ఆయన చూసుకుంటాడని ఇద్దరూ కిటికీల్లోంచి దూకేస్తారు. తీరా చూస్తే వక్తకి చెవుడూ, మూగా!

కుర్చి వెనుకఁ గుర్చి గూర్చుండె శూన్యమ్ము
ముసలి జంట చూచి మురిసె మురిసె
జీవితార్థ మెల్లఁ జెప్పును గద! మాట
రానివాఁడె వచ్చె రంగమునకు

సైదాబాద్ అక్కయ్య: ‘మాట’ని మూడో పాదం చివర ఆపి ‘రానివాఁడె’ మీదకి తోశావు చూడు, అక్కడ ఒళ్లు జలదరించింది తమ్ముడూ. గోడో రాడు కాబట్టి, వస్తే ఏదో చెబుతాడని ఆశయినా మిగులుతుంది. ఈయన వచ్చేశాడు. ఇంక దేనికోసం కూర్చుంటాం? రాత్రి అన్నం వండుతూ ఇదే ఆలోచిస్తే కుక్కర్ విజిల్స్ లెక్క తప్పింది.

చిక్కడపల్లి చిన్నోడు: మొదటి శ్లేష నాదని అందరూ గుర్తుపెట్టుకోవాలి.

నల్లకుంట మాస్టారు: ‘కుర్చి’కి దీర్ఘమేదీ?

అమీర్‌పేట హాస్టల్: అందులో కూర్చోవాల్సినాయన రాలేదు సార్.

నల్లకుంట మాస్టారు: కొంటె జవాబులకి గణాలు లొంగవు. అయినా ‘కూర్చుండె శూన్యమ్ము’ అన్నందుకు ఈసారికి వదిలేస్తున్నాను. ఉగాది పూరణలో నేను పట్టుకోబోయిందీ అలాంటి ఊహే.

చిక్కడపల్లి చిన్నోడు: పట్టుకోబోయారు. ‘ంట’ అడ్డొచ్చింది.

నిర్వాహకుడు: ఉగాదిని ఇక్కడితో ఆపండి బాబూ. మాస్టారూ, ఆ మూడో పాదం సవరించి పెట్టారా?

నల్లకుంట మాస్టారు: రేపు.