కొండ గ్రామాల పెరటి తోటల్లో మొక్కల వైవిధ్యాన్ని ఎలా లెక్కించాలి?

ప్రశ్న

మిత్రులకు నమస్కారం. కొండవాలు గ్రామాల పెరటి తోటల మీద అధ్యయనం మొదలుపెట్టాను. ఇంటింటికీ వెళ్లి, దడి లోపలున్న మొక్కల పేర్లూ సంఖ్యా రాసుకుని, వాటితో షానన్ సూచిక (ఎన్ని జాతులున్నాయో, వాటి మధ్య మొక్కలు ఎంత సమంగా ఉన్నాయో కలిపి చెప్పే అంకె) కట్టాలన్నది నా ఆలోచన. మొదటి వారంలోనే రెండు చిక్కులు ఎదురయ్యాయి. అరటి గుబురునూ పసుపు మడినీ ఎన్ని మొక్కలుగా లెక్కపెట్టాలన్నది ఒకటి. రెండోది నన్ను ఎక్కువగా ఆలోచనలో పడేసింది. ఒక ఇంట్లో పెద్దావిడ కలుపు తీస్తూ, ఒక చిన్న మొలక దగ్గరికి వచ్చేసరికి కొడవలి పక్కన పెట్టి, దాని చుట్టూ ఉన్న గడ్డిని మాత్రం చేత్తో పీకి, మొలకను అలాగే ఉంచారు. ఎవరు నాటారని అడిగితే, "ఎవరూ నాటలేదు, అదే మొలిచింది, ఉండనీ" అన్నారు. నా పట్టికలో దానికి గడి లేదు. పైగా పెద్ద పెరళ్లకంటే చిన్న పెరళ్లలోనే మొక్కలు రకరకాలుగా కనిపిస్తున్నాయి. ఇది నిజమేనా, లేక నేను లెక్కించే తీరులోనే పొరపాటు ఉందా?

మొదటి సమాధానం

చివరి సందేహంతో మొదలుపెడతాను. స్థలం రెట్టింపయితే జాతుల సంఖ్య రెట్టింపు కాదు. అందువల్ల జాతుల సంఖ్యను చదరపు మీటర్లతో భాగిస్తే చిన్న పెరడే ఎప్పుడూ గొప్పగా కనిపిస్తుంది. అలా భాగించకండి. ఒక్కో తోటను కలుపుకుంటూ పోతే కొత్త జాతులు ఎన్ని చేరుతున్నాయో గీత గీసి, సమాన సంఖ్యలో తీసుకున్న తోటల దగ్గర గ్రామాలను పోల్చండి.

షానన్ సూచికను అంకెగా మాత్రమే ఇస్తే చదివేవారికి ఏమీ అందదు. రెండు పెరళ్లలో నూరేసి మొక్కలు, పదేసి జాతులు ఉన్నాయనుకుందాం. మొదటిదానిలో ప్రతి జాతికీ పది మొక్కలుంటే సూచిక 2.30 వస్తుంది. రెండోదానిలో ఒకే జాతివి 91 మొక్కలుండి, మిగిలిన తొమ్మిది జాతులవి ఒక్కొక్కటే ఉంటే అది 0.50కి పడిపోతుంది. వీటిని ఘాతాంక రూపంలోకి (అంటే e, సుమారు 2.718, అనే సంఖ్యకు సూచికను ఘాతంగా వేసి) మారిస్తే మొదటి పెరడు పది జాతులకూ, రెండోది సుమారు 1.65 జాతులకూ సమానమని తేలుతుంది. ఈ రూపంలో ఇస్తే తేడా ఎంతో ఎవరికైనా అర్థమవుతుంది.

అయితే మీ అరటి, పసుపు సమస్య ఇక్కడే పీకమీదికి వస్తుంది. పసుపు పిలకలను ఒక్కొక్కటిగా లెక్కపెడితే ఆ ఒక్క మడే సూచికను కిందికి లాగేస్తుంది, పక్కనున్న పెద్ద పనసచెట్టు మాత్రం 'ఒకటి'గానే మిగులుతుంది. కాబట్టి చెట్లను సంఖ్యతోనూ, గుబురుగా పెరిగేవాటిని గుబుర్లతోనూ, ఆకుకూరలనూ దుంపలనూ అవి ఆక్రమించిన వైశాల్యంతోనూ కొలిచి, చెట్లకు, పొదలకు, తీగలకు, చిన్న మొక్కలకు విడివిడిగా సూచికలు కట్టడం మేలు.

ఎత్తును కూడా తప్పక నమోదు చేయండి. సగటున వెయ్యి మీటర్లు పైకి వెళితే ఉష్ణోగ్రత సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది. పైనున్న ఊళ్లో ఉష్ణమండలపు మొక్కలు లేకపోతే ఆ లోటును రైతు అశ్రద్ధకు అంటగట్టకూడదు.

రెండో సమాధానం

ఆ మొలకకు మీ పట్టికలో తప్పకుండా గడి పెట్టండి. నాటినవి, వాటంతట అవే మొలిస్తే ఉంచినవి, కలుపుగా భావించి పీకేసేవి అని మూడు తరగతులు చేయండి. కిలిమంజారో పర్వతపు దక్షిణ వాలులో చగ్గా ప్రజలు అరటినీ కాఫీనీ పెద్ద చెట్ల నీడలో కలిపి పెంచే ఇంటి తోటల్లో ఐదు వందలకు పైగా మొక్కల జాతులు నమోదయ్యాయి. వాటిలో దాదాపు నాలుగు వందలు ఎవరూ సాగు చేయనివే. నాటినవాటినే లెక్కించి ఉంటే ఆ తోటల వైవిధ్యంలో అధిక భాగం లెక్కకే వచ్చేది కాదు.

ఇంటి యజమానిగా ముందుకొచ్చి మాట్లాడే వ్యక్తికీ, రోజూ ఆ మట్టిలో చేతులు పెట్టే మనిషికీ తెలిసిన మొక్కలు వేరువేరుగా ఉండవచ్చు. పెరడు చూసుకునేవారితోనే నడవండి. వాడిన నీరు పారే చోటు, చెత్తకుప్ప పక్క, దడి పొడవునా, ఎండిన చెట్టుకు పాకిన తీగ మొదలు, ఇలా ప్రతి మూలా చూడండి. వానలు మొదలైనప్పుడొకసారి, ఎండ ముదిరినప్పుడొకసారి వెళ్లండి, ఎందుకంటే ఆకు వాడిపోయి దుంప మాత్రం నేలలో ఉన్న మొక్క ఒక్కసారి వెళ్లినవారికి కనిపించదు.

అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. పట్టిక మార్చి, వానాకాలానికి మరో విడత పెట్టుకున్నాను. ఒకే గ్రామంలోని చిక్కుడు, సొర, చామల్లో ఇంటికొక రకం కనిపిస్తోంది. జాతి ఒకటే కాబట్టి వీటిని కలిపేయవచ్చా?

మూడో సమాధానం

దయచేసి కలపకండి, ఇంటివారు పిలిచే పేరుతో సహా విడిగా రాయండి. మూడింటి భవితవ్యమూ ఒకటి కాదు. చిక్కుడు చాలావరకు తన పుప్పొడితోనే కాయ కడుతుంది కాబట్టి రెండు మూడు పాదులున్న ఇంట్లో కూడా రకం కొన్నేళ్లు నిలుస్తుంది. సొరలో ఆడ, మగ పూలు వేరు, పక్క పెరటి పుప్పొడి వచ్చి చేరుతుంది. అందువల్ల ఒక్క ఇంటి సొర అంటూ ఉండదు, చుట్టుపక్కల ఇళ్లన్నీ కలిసి ఒకే సమూహం. చామ దుంపతో వస్తుంది, చివరి దుంప కుళ్లితే ఆ రకం ఆ ఊళ్లో అంతటితో పోయినట్టే.

కనుక సగటు పెరట్లో ఎన్ని జాతులున్నాయన్నదానికంటే, ఒక్క ఇంట్లోనే మిగిలినవి ఎన్ని అన్న లెక్క నాకు ఎక్కువ విలువైనదిగా కనిపిస్తుంది. ముప్పయ్యేసి జాతులున్న రెండు పెరళ్లకు ఉమ్మడివి పదిహేనే అయితే, రెండు జాబితాల పోలికను 0 నుంచి 1 దాకా చెప్పే సోరెన్సన్ గుణకం (ఉమ్మడి జాతులకు రెట్టింపును రెండు జాబితాల మొత్తంతో భాగిస్తే వచ్చేది) 0.5 అవుతుంది. అంటే రెండూ కలిసి నలభై ఐదు జాతులను కాపాడుతున్నాయి. రోడ్డు దగ్గరైన ఊళ్లలో పూలమొక్కలు పెరిగి జాతుల సంఖ్య తగ్గకపోయినా, తినే దుంపల్లో, తీగల్లో రకాలు తగ్గిపోయి ఉండవచ్చు. అందుకే ప్రతి రకం పక్కన ఆ విత్తనం లేదా దుంప ఎవరింటి నుంచి వచ్చిందో, వీరు ఎవరికి ఇచ్చారో ఒక వరుస అదనంగా పెట్టుకోండి.