స్పితికి ఏ బండి మీద పోవాలె: హిమాలయన్ 450 ఆ, ఎక్స్‌పల్స్ 200 ఆ?

సుబేదారి రైడర్:
అన్నలూ, పదేండ్లు నడిపిన 150 సీసీ బండి అమ్మేసిన. వచ్చే జూన్ ఆఖరుకు హిమాచల్‌ల ఉన్న స్పితి లోయకు పోవాలె. తీరిక దొరికినప్పుడల్లా కవ్వాల్, జోడేఘాట్ దిక్కు మట్టిదార్లు తిరగాలె. ఎత్తు 5 అడుగుల 5 అంగుళాలు, బరువు 62 కిలోలు. శానసార్లు ఒక్కణ్ణే పోత. మనసంతా రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450 మీద ఉన్నది. మా తమ్ముడేమో హీరో ఎక్స్‌పల్స్ 200 చాలు, మిగిలిన పైసలు పెట్రోలుకు పెట్టుకో అంటుండు. ఏం చెయ్యాలె?

కాజీపేట జంక్షన్:
450 తీస్కో, ఇంకేం ఆలోచించకు. ఇక్కడ్నుంచి మనాలి అంటే దగ్గర దగ్గర రెండు వేల కిలోమీటర్లు. ఎక్స్‌పల్స్ లెక్క 19 గుర్రాల (హార్స్‌పవర్) బండి మీద రోజుకు 600 కొట్టి చూడు, నాగ్‌పూర్ దాటకముందే నడుము పోతది. 450కి 40 గుర్రాలు, 17 లీటర్ల ట్యాంకు. ఎవరూ చెప్పని ముచ్చట ఇంకోటి: మనాలి నుంచి స్పితికి పోయే దారిల కుంజుమ్ కనుమ 4,550 మీటర్ల ఎత్తుల ఉన్నది. అక్కడ గాలి పల్చన, ఇంజన్ బలం మూడోవంతు కంటే ఎక్కువనే పోతది. 40ల పోతే 25 మిగుల్తయ్. 19ల పోతే 12. సామానుతోని ఫస్ట్ గేర్ల కాళ్లతోని నెట్టుకుంట ఎక్కాలె.

ములుగు మట్టిరోడ్డు:
గుర్రాల లెక్క బాగనే చెప్పినవ్. కిందపడ్డంక లేపుడు లెక్క ఎవరు చెప్తరు? 450 దాదాపు నిండు ట్యాంకుతోని 196 కిలోలు. బ్యాగులు, టెంటు, నీళ్లు కలిస్తే 220 దాటుతది. పిలగాడు 62.

పోయిన ఎండకాలం దోస్తు బండి (అది గూడ గంతే బరువు) తీస్కొని ఏటూరునాగారం అవతల గోదారి ఇసుకల దించిన. ముందటి చక్రం సగం దిగింది, బండి మెల్లగ పక్కకు పండుకున్నది. ఒక్కణ్ణే. ఒకసారి లేపిన, స్టాండు ఇసుకల దిగి మళ్ల పడ్డది. రెండోసారి లేపంగనే కండ్లు తిరిగినయ్. ఆఖరుకు మేకల కాపరి వచ్చి పట్టిండు, "గింత పెద్ద బండి ఎందుకు పటేలా" అని నవ్విండు గూడ. చక్రం ఇసుకల దిగినంక ఎన్ని గుర్రాలున్నా గడ్డి తినేటియే.

వానపడ్డ ఆదిలాబాద్ నల్లరేగడి ఇంకో కథ. టైరుకు మడ్‌గార్డుకు నడుమ మన్ను ఇరికితే చక్రమే తిరగదు, పుల్ల పట్టుకొని గీకుకుంట కూసోవాలె. అప్పుడు ఎక్స్‌పల్స్ 160 కిలోలు దేవుడిచ్చిన వరం అనిపిస్తది.

హైవే బాధ అంటవా, బండిని కాజీపేటల రైలెక్కియ్. ట్యాంకు ఖాళీ చేసి, గోనెసంచులు చుట్టి పార్సిల్ చేస్తే అయిపాయె. ఇగ రెండు వేల కిలోమీటర్ల కోసం 40 గుర్రాలు ఎందుకు?

కాజీపేట జంక్షన్:
రైలెక్కిచ్చిన బండికి లాంగ్ రైడ్ అని పేరు పెట్టకు అన్నా. గట్లయితే విమానమెక్కి మనాలిల బండి కిరాయికి తీస్కుంటే సరిపోతది గద!

కరీంనగర్ ఆరెంజ్:
మీరిద్దరు కేటీఎం 390 అడ్వెంచర్‌ను మర్చిపోయిండ్రు. 46 గుర్రాలు, 180 చిల్లర కిలోలు. కొత్త మోడల్‌కు ముందట 21 అంగుళాల చక్రం గూడ వచ్చింది. కాకపోతే సీటు ఎత్తు 830 మిల్లీమీటర్లు, ట్యాంకు 14.5 లీటర్లే. జేబు సంగతి గూడ చూస్కో: 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ దాటిన బండ్లకు జీఎస్టీ 40 శాతం, లోపలున్నయిటికి 18. తమ్ముడు చెప్పిన "మిగిలిన పైసలు" ఉత్త మాట కాదు.

మెకానిక్ కాక:
బిడ్డా, నేను బండ్లు ఇప్పేటోణ్ణి, నడిపేది తక్కువ. 450కి, 390కి రేడియేటర్ ఉంటది. బురదల ఫస్ట్ గేర్ల గంటసేపు గుంజితే జాలీకి మన్ను పట్టి వేడెక్కుతది, గార్డు లేకుంటే రాయి తగుల్తది. ఎక్స్‌పల్స్ 200కి ఆయిల్ కూలరే, బాధ తక్కువ. పెట్రోలు ఇంజెక్షన్ (కార్బురేటర్ బదులు ఉండేది) మాత్రం అన్నిటికీ ఉన్నది, దాని గురించి కొట్టుకోకుండ్రి. హిమాలయన్‌కు ట్యూబ్‌లెస్ స్పోకు చక్రాలు దొరుకుతయ్, పైస ఎక్కువైనా అవే తీస్కో. ఎక్స్‌పల్స్ అయితే ముందటి చక్రానికి 21 అంగుళాల ట్యూబు, ఎన్క చక్రానికి 18 అంగుళాల ట్యూబు, టైరు లీవర్లు మూడు బ్యాగుల పెట్టుకో. తాడ్వాయి దాటినంక 21 అంగుళాల ట్యూబు అడిగితే నీ మొఖం దిక్కు చూస్తరు. పంక్చర్ ఏసుడు ఇంటికాడనే నేర్చుకో, కొండ మీద కాదు.

సుబేదారి రైడర్:
అందరికి థ్యాంక్స్. నిన్న దోస్తు 450ని ధర్మసాగర్ చెరువు కట్ట కింద పండబెట్టి చూసిన, ఎన్క 25 కిలోల బియ్యం బస్తా కట్టి. మొదటిసారి లేచింది. రెండోసారి లేచింది గని మోకాళ్లు వణికినయ్. మూడోసారి నాతోని కాలే, దోస్తు పట్టిండు. వాపసు వచ్చేటప్పుడు నడిపితే మాత్రం దిగబుద్ధి కాలే, నిజం చెప్తున్న. ములుగన్నా, ఆదివారం మీ ఎక్స్‌పల్స్ ఒక్కసారి ఇస్తరా?

ములుగు మట్టిరోడ్డు:
ఇస్త. పెట్రోలు నీదే. పొద్దుగాల 6కి ములుగు బస్టాండ్ కాడ ఉండు, ఆ బియ్యం బస్తా గూడ పట్టుకరా.