ముసురులో కొట్టిన క్లియర్ కోట్ పాలలా తెల్లబడింది, ఇప్పుడేం చేయాలి?

ములుగురోడ్డు జీపు, హన్మకొండ

అన్నలూ, అక్కలూ, ఒక 1:64 (అసలు బండిలో 64వ వంతు) లోహపు జీపు బొమ్మ మీద నెల రోజులుగా కూర్చున్నా. మా బాబాయి ఒకప్పుడు ములుగు నుంచి ఏటూరునాగారం దాకా ట్రిప్పులు కొట్టిన ఆకుపచ్చ జీపులాగే దీన్ని చేసి, ఆయన చేతిలో పెట్టాలని నా ఆశ.

అడుగున ఉన్న రెండు రివెట్ల తలలు 3 మి.మీ. బిట్‌తో తీసేశా. అద్దం, సీట్లు, చక్రాలు విప్పి పక్కన పెట్టి, ఒట్టి బాడీకి పెయింట్ రిమూవర్ పూశా. కాసేపటికే కంపెనీ రంగు ముడతలు పడి పొరలుగా లేచొచ్చింది. పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, గిన్నెల సబ్బుతో కడిగి ఆరబెట్టి, గ్రే ప్రైమర్ ఒకసారి, ఆకుపచ్చ పలచగా రెండుసార్లు వేశా. బానెట్ కొక్కేలు కూడా రంగు కింద స్పష్టంగా కనిపించాయి. ఎంత సంతోషపడ్డానో!

మొన్న ఆదివారం సాయంత్రం ముసురు కాస్త తెరిపిచ్చిందని మేడ మీదికెళ్లి లక్కర్ క్లియర్ కోట్ (రంగు మీద కొట్టే పారదర్శకమైన స్ప్రే పూత) కొట్టా. పది నిమిషాల్లో బానెట్ మీద పాలపొర కట్టింది. పక్కల కొంచెం తక్కువ. మొత్తం గీకి మళ్లీ మొదలుపెట్టాలా? చాలా టెన్షన్‌గా ఉంది. ఇంకో మాట, ఆ రోడ్డు ఎర్ర దుమ్ము దీని మీద ఎలా తెప్పించాలి?

బొగ్గుబాయి బండ్లు, గోదావరిఖని

తమ్మీ, గీకకు. అది పాడవలేదు, తేమ పట్టింది. లక్కర్‌లోని థిన్నర్ గబగబా ఆరిపోతూ ఆ లోహాన్ని చల్లబరుస్తుంది. గాలిలో తడి ఎక్కువుంటే అది ఆ చల్లని పొర మీద చేరి లోపలే చిక్కుకుంటుంది. తెల్లగా కనిపించేది అదే. బానెట్ మీద నీ చెయ్యి ఎక్కువసేపు ఆగి, పొర మందంగా పడి ఉంటుంది.

మంచి ఎండ కాసే రోజు దాకా ఆగు. మధ్యాహ్నం బాడీని హెయిర్ డ్రైయర్‌తో గోరువెచ్చగా చేసి, అదే క్లియర్ కోట్‌ను జానెడు దూరం నుంచి మంచు పడ్డట్టు ఒక్కసారి పోనివ్వు. పాత పొర కొంచెం కరిగి, లోపలి తడి బయటికి పోతుంది. ఒక్క పోతకు పోకపోతే, ఆరనిచ్చి ఇంకోటి. ఒకేసారి తడిసేలా మాత్రం కొట్టకు. స్ప్రే డబ్బాను ముందు గోరువెచ్చని నీళ్లలో అయిదు నిమిషాలు ఉంచితే తుంపర సన్నగా వస్తుంది. పొయ్యి దగ్గరికి మాత్రం దాన్ని ఎప్పుడూ తీసుకుపోవద్దు.

మానేరు గట్టు, కరీంనగర్

దుమ్ము సంగతి నేను చెప్తాను, నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని అది. రోడ్డు మీది మట్టి తెచ్చి చల్లాలనిపిస్తుంది, నేనూ మొదట అదే చేశాను. 0.1 మి.మీ. రేణువు ఈ కొలతలో 6.4 మి.మీ. కంకర రాయి అవుతుంది తమ్ముడూ! బొమ్మలేసే సాఫ్ట్ పాస్టెల్ సుద్దలు ఇటుక రంగువి, గోధుమ రంగువి తీసుకుని ఎమరీ పేపర్ మీద గీకు. పౌడర్ లాంటి పొడి వస్తుంది. నిగనిగలాడే పొర మీద అది నిలవదు, అందుకని ముందు మ్యాట్ క్లియర్ పలచగా వేసి, ఆరాక మెత్తని బ్రష్‌తో అద్దు.

దుమ్ము అంతటా ఒకేలా పట్టదు. చక్రాల పైన మడ్‌గార్డ్ లోపల, వెనక తలుపు మీద ఎక్కువ. టాప్ తెరిచిన జీపులో సీట్లు కూడా ఎర్రబడతాయి. ముందు అద్దం మీద వైపర్ తిరిగినంత మేర మాస్కింగ్ టేప్‌ను విసనకర్రలా కత్తిరించి అంటించు. పొడి అద్ది టేప్ లాగేస్తే, అంతమేర అద్దం తేటగా ఉండి చుట్టూ దుమ్ము మిగులుతుంది. అద్దం ప్లాస్టిక్ కాబట్టి అసిటోన్ దగ్గరికి రానివ్వకు, మబ్బు పట్టిపోతుంది.

ములుగురోడ్డు జీపు, హన్మకొండ

శుక్రవారం ఎండ కాసింది. అన్న చెప్పినట్టే రెండు పోతలు. పాలపొర పోయి, లోపలి ఆకుపచ్చ తేలింది. అది చూస్తూ మేడ మీద చాలాసేపు అలాగే నిలబడిపోయా. అక్క చెప్పిన విసనకర్రలు కూడా రెండూ బాగా వచ్చాయి.

బొమ్మది అమెరికా జీపు కదా, స్టీరింగ్ ఎడమ వైపుంది. దాన్ని కోసి కుడి వైపు అంటించా. బాబాయి అదే ముందు చూస్తారనుకున్నా. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని, అరచేతిలో అటూ ఇటూ తిప్పి, “మన బండికి కుడి దిక్కు వైపర్ ఒక్కటే ఆడేది గద బిడ్డా” అన్నారు.

రాత్రికి ఎడమ వైపు విసనకర్ర మీద కూడా దుమ్ము అద్దేశా.